యాభైలో అనుబంధం, ఎనభైలో ఆరోగ్యం

ముందు నాలుగు రాళ్లు వెనకేసుకుందాం, ఇంటివాళ్లతో ఆ తర్వాత తీరిగ్గా గడపొచ్చు. ఎవరూ పైకి అనకపోయినా చాలా ఇళ్లు నడిచేది ఈ లెక్క మీదే. అనుబంధాన్ని ఎంతకాలం వాయిదా వేసినా చెడిపోదన్న నమ్మకం దీనికి ఆధారం. ఆ నమ్మకాన్ని పరీక్షించి చూడదగ్గ సాక్ష్యం మనకుంది. అమెరికాలో 1938లో 268 మంది హార్వర్డ్ విద్యార్థుల జీవితాలను గమనించడం మొదలైంది. బోస్టన్ పేదవాడల్లో పెరిగిన 456 మంది కుర్రాళ్ల మీద వేరుగా సాగిన అధ్యయనం తర్వాత దీనితో కలిసింది. వాళ్ల ఉద్యోగాలు, పెళ్లిళ్లు, రక్తపరీక్షలు, దిగుళ్లు అన్నీ దశాబ్దాల పాటు నమోదు చేస్తూ వచ్చారు. వాళ్లు ఎనభైకి చేరాక పాత కాగితాలు తిరగేస్తే తేలిందేమిటంటే, వృద్ధాప్యంలో ఎవరు ఆరోగ్యంగా ఉంటారన్నది యాభయ్యో ఏట కొలెస్ట్రాల్ కంటే, తనవాళ్లతో ఉన్న తృప్తే మెరుగ్గా ముందే చెప్పింది. అన్యోన్యంగా ఉన్న వృద్ధ దంపతులు ఒళ్లు నొప్పులు ఎక్కువైన రోజున కూడా మనసు కుంగలేదన్నారు. అంటే ముసలితనంలో అక్కరకొచ్చే అనుబంధం నడివయసులోనే ఏర్పడి ఉండాలి. మనం సంపాదన పేరుతో ఇంటికి దూరంగా గడిపేది సరిగ్గా ఆ ఏళ్లనే.

ఆరోగ్యవంతులకే మంచి బంధాలు కుదురుతాయేమో, కారణం ఏదో ఫలితం ఏదో ఎలా తెలుస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైగా మొదట ఎంచుకున్నవాళ్లంతా తెల్లజాతి మగవాళ్లు. ఈ ఒక్క అధ్యయనాన్నే పట్టుకుంటే నా వాదన బలహీనమే. అయితే 148 అధ్యయనాలను, మూడు లక్షల పైచిలుకు మనుషుల వివరాలను కలిపి 2010లో చేసిన విశ్లేషణలో కూడా గట్టి సామాజిక సంబంధాలున్నవాళ్లు బతికే అవకాశం ఎక్కువని తేలింది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం డబ్బు గురించి. ఆదాయం పెరిగేకొద్దీ చాలామందికి సంతోషం పెరుగుతుందని మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ తదితరుల 2023 పరిశోధన చెబుతోంది. దాన్ని కాదనను. కాకపోతే అత్యంత దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ పెరుగుదల ఏడాదికి సుమారు లక్ష డాలర్ల దగ్గర ఆగిపోయిందనీ అదే పరిశోధన చెప్పింది. లేమి మాత్రం వేరే సంగతి. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లే తండ్రి అప్పు తీర్చడానికో, కూతురి పెళ్లికో వెళ్తాడు. అతడు డబ్బును కుటుంబం కంటే ఎక్కువ చేసుకున్నాడనడం అన్యాయం, అతడి సంపాదనే అతడి ప్రేమ. నేను ప్రశ్నిస్తున్నది అప్పులు తీరి, ఇల్లు కట్టుకున్నాక కూడా ఇంకో ప్లాటు కోసం పిల్లల బాల్యాన్ని వదులుకునే నిర్ణయాన్ని.

కుటుంబం అనగానే అంతా మేలే అనుకోవడమూ పొరపాటే. ప్రేమ లేని, నిత్యం గొడవల కాపురం ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని హార్వర్డ్ పరిశోధకులే హెచ్చరించారు. అర్ధరాత్రి జబ్బు చేస్తే, భయమేస్తే ఎవరిని పిలుస్తారని అధ్యయనంలో ఉన్నవాళ్లను అడిగినప్పుడు కొందరు ఒక్క పేరూ చెప్పలేకపోయారు. వాళ్లలో పెళ్లయినవాళ్లూ ఉన్నారు.