నిత్యావసర సరుకుల సూచీ నిధి

భోకర్ పేటలో ఏ కిరాణా దుకాణమున చూచినను సబ్బులు, టీపొడి, బిస్కట్లు వరుసగా పేర్చియుండును. కాలమెట్టిదైనను ఇవి అమ్ముడగును గదా, వీనిని చేయు సంస్థల వాటాలు కొని పిల్లల చదువులకు నిలువచేయరాదా యని తల్లిదండ్రులకు తోచుట సహజమే.

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజివారి నిఫ్టీ ఎఫ్.ఎం.సి.జి. సూచీలో 15 సంస్థలు గలవు. సూచీ నిధి యనగా, మన సొమ్మును ఆ సంస్థలలో సూచీ చూపిన పాళ్లలోనే పెట్టునది. సంస్థలను ఏరు పని లేదు గనుక నిర్వహణ వ్యయము స్వల్పము. అయితే ఆ పాళ్లు సమానములు కావు, ఐ.టి.సి., హిందుస్తాన్ యూనిలీవర్లదే పెద్ద పాలు. ఐ.టి.సి. లాభములో సిగరెట్ల భాగమే అధికమని తెలిసియుండుట మంచిది. మన పిల్లలెరిగిన పార్లే-జి చేయు సంస్థ సూచీలో లేనేలేదు. దాని వాటాలు బజారున అమ్మబడవు.

సరుకు అమ్ముడగుట వేరు, వాటా ధర పెరుగుట వేరు. 2000లో హిందుస్తాన్ లీవర్ వాటాలను గరిష్ఠ ధరకు కొన్నవారు ఆ ధరను మరల చూచుటకు సుమారు పదేండ్లు పట్టినది. సబ్బులు మాత్రము ఆ పదేండ్లును అమ్ముడగుచునే యుండెను!

మనకు మరింత ముఖ్యమైనది వేరొకటి గలదు. మరాఠ్వాడాలో 2014, 2015 సంవత్సరములలో వరుసగా వానలు తప్పినవి. పత్తి, సోయా చేతికందని యేడు రైతు పెద్ద సబ్బు మాని చిన్నది కొనును. ఆ సంస్థల గ్రామీణ విక్రయములును మందగించును. కావున పొలముపై బ్రతుకు కుటుంబమునకు ఈ నిధి పూర్తిగా వేరైన ఆధారము కాదు. మూడు నాలుగేండ్లలో కట్టవలసిన కళాశాల రుసుమును దీనిలో పెట్టుట మాకు సమ్మతము కాదు. పదునైదేండ్ల గడువుగల పసిబిడ్డకై, పొదుపులో చిన్న భాగమును నెలనెలా పెట్టినచో తప్పులేదు.