నిప్పురవ్వ – వేడినీళ్ళు

దీపావళినాడు కాకరపువ్వొత్తి రవ్వ చేతిమీద పడితే చురుక్కుమంటుంది, అంతే. చెంబెడు మరిగే నీళ్ళు పడితే చర్మం బొబ్బలెక్కుతుంది. రవ్వ ఉష్ణోగ్రత 1000 డిగ్రీల సెల్సియస్ పైనే. నీటిది 100 డిగ్రీలే! ఎందుకీ తేడా?

ఏ పదార్థంలోనైనా అణువులు, పరమాణువులు నిరంతరం కదులుతూనే ఉంటాయి. ఆ కదలికవల్ల ఒక్కొక్కదానికి సగటున ఎంత గతిశక్తి ఉందో తెలిపేది ఉష్ణోగ్రత. వేడి వస్తువునుంచి చల్లని వస్తువుకు ప్రవహించే శక్తి ఉష్ణం. రవ్వ అంటే మండుతున్న చిన్న ఇనుప రేణువు. అందులోని పరమాణువులు ఎంత జోరుగా కదిలినా, చెంబెడు నీటి అణువులతో పోలిస్తే వాటి సంఖ్య బహుస్వల్పం. కనుక అది చేతికివ్వగల ఉష్ణమూ స్వల్పమే.

అలాగని ఏమరకండి! రవ్వ కంట్లో పడితే ప్రమాదం. కాలిన తీగ రవ్వకన్నా ఎంతో పెద్దది. ఎరుపు తగ్గాక తొక్కినా కాలు కాలుతుంది. వెంటనే నీళ్ళ బక్కెట్టులో వేయండి.