వాకిట నిలిచిన అతిథి

అతిథిని దైవసమానునిగా ఎంచవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధిస్తున్నది. ఆ అతిథి చక్రాల కుర్చీలో వస్తే మన వాకిలి లోనికి రానిస్తున్నదా? ఈ ప్రశ్న నాకు శాస్త్రాధ్యయన కాలంలో తట్టలేదు, సంసారంలో తట్టింది.

పక్షవాతం సోకిన నా సహధర్మచారిణితో గోదావరీతీరంలోని ఒక క్షేత్రానికి వెళ్లాను. ముందుగానే ఒక చిన్న లాడ్జికి ఫోను చేసి, "మా ఇంటావిడకు మెట్లు ఎక్కే శక్తి లేదు, వీలుగా ఉంటుందా?" అని విచారించాను. "లిఫ్టు ఉన్నదండీ" అన్నారు. ఉన్నమాట నిజమే. దానిని చేరడానికి వాకిట మూడు మెట్లున్నవి. పనివారు నలుగురు ఆదరంగా కుర్చీని ఎత్తి లోపల దింపారు. "నలుగురూ మోసే రోజు వేరే ఉంది కదండీ, అప్పుడే ఎందుకు?" అని ఆమె నవ్వింది. గదిలో చూస్తే స్నానాల గది ద్వారం కుర్చీ కన్న ఇరుకు. పైగా ఎత్తైన గడప. ఆ రోజు సాయంత్రం వరకు ఆమె మంచినీళ్లు ముట్టలేదు. ఉపవాసమనుకున్నాను. కారణం తెలిసిన తరువాత దర్శనంలో నా మనస్సు నిలువలేదు.

అక్కడివారిలో దయకు లోటు లేదు. కట్టడంలో కొలత తప్పింది.

ఆ కొలతలు కఠినమైనవి కావు. వాలుదారికి 1 అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు ఉండాలి. అనగా 6 అంగుళాల మెట్టుకు 6 అడుగులు, అటువంటి మూడు మెట్లకు 18 అడుగులు. అంతకన్న నిటారుగా కడితే కుర్చీని నెట్టడం కష్టం, దిగడం ప్రమాదం. ద్వారం వెడల్పు 900 మిల్లీమీటర్లు, సుమారు 3 అడుగులు. కుర్చీ తిరగడానికి 5 అడుగుల చోటు. స్నానాల గది తలుపు వెలుపలికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే, లోనికి తెరుచుకునే తలుపుకు ఆ దేహమే అడ్డమవుతుంది. గోడకు దృఢమైన పట్టుకమ్మీ, తడిసినా జారని నేల అవసరం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రైవేటు భేదం లేకుండా సేవలందించే వారందరిపైనా ఈ బాధ్యత ఉంచింది. చిన్న లాడ్జి అన్ని గదులనూ ఒకేసారి మార్చలేకపోవచ్చును. నేల అంతస్తులో ఒక్క గదితోనైనా ఆరంభించవచ్చును.

మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుని జనకుని వాకిట ద్వారపాలకుడు అడ్డగించాడు. ఆ బాలుడు వాదించి, ఒప్పించి లోనికి వెళ్లాడు. ద్వారపాలకునితో వాదించవచ్చును, మెట్టుతో వాదించలేము.

కనుక యాత్రికులకు నా మనవి: "వీలుగా ఉంటుందా?" అని నావలె అడగకండి. వాకిట మెట్లెన్ని, స్నానాల గది ద్వారం ఎన్ని అంగుళాలు, గడప ఉన్నదా అని అడగండి. సత్రాలలో గదులు కట్టించే దాతలకు మరొక మనవి: మీ పెద్దల పేరిట పెట్టే శిలాఫలకం కొలత చూసుకునేటప్పుడు, దాని ప్రక్కనున్న ద్వారం కొలత కూడా ఒకసారి చూడండి.