డిగ్రీ చేతికొచ్చాక తిండి ఖర్చు

(ఎం.కాం., మన హాస్టల్ పూర్వ విద్యార్థి, భవానీపురం, విజయవాడ)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. కానీ ఈ ఏడాది హాస్టల్ వదిలి వెళ్ళబోతున్న తమ్ముళ్ళకు కవిత కన్నా ఒక లెక్క ఎక్కువ పనికొస్తుందనిపించింది. అది తిండి లెక్క.

మనలో చాలామందికి ఆరో తరగతి నుంచి అన్నం కొనుక్కోవాల్సిన అవసరం రాలేదు. గంట మోగితే ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడ్డాం. పప్పు నీళ్ళగా ఉందని వంట మాస్టరు మీద విసుక్కున్నాం. ఒక మనిషి నెల రోజులు తినడానికి ఎంత బియ్యం, ఎంత పప్పు పడుతుందో మాత్రం ఎవరమూ అడగలేదు. నాకు ఎం.కాం.లో కాస్ట్ అకౌంటింగ్‌కి మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ లెక్క నాకూ తెలియదు.

చదువు అయ్యాక గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సులో ఒక పప్పుల కొట్టులో లెక్కలు రాసే పని దొరికింది. జీతం 14,000. భవానీపురంలో ఒక సందులో రూము. మా ఇంట్లో నెల జీతం అందుకున్న మొదటివాణ్ణి నేనే. అమ్మ దివిసీమలో కూలికి వెళుతుంది. ఇంటికి నెలకు 4,000 పంపాలని పనిలో చేరిన రోజే అనుకున్నాను. మొదటి నెల పంపగలిగింది 1,500.

మిగతాది ఎటు పోయిందో తెలుసుకుందామని రోజూ రాత్రి చిన్న పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. పొద్దున టిఫిన్ 35, మధ్యాహ్నం భోజనం 90, రాత్రికి అన్నం, కూర పార్సిల్ 60, మూడు టీలు 36. రోజుకు 221 అంటే నెలకు 6,600 పైమాటే. జీతంలో నూటికి 47 వంతులు. ఆదాయం తక్కువైన కొద్దీ అందులో తిండి వాటా పెరుగుతుందని 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక శాస్త్రవేత్త చెప్పాడని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఆయన చెప్పింది నా గురించేనని అప్పుడు తెలియలేదు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన దేశంలో పట్టణవాసుల ఖర్చులో తిండి వాటా నూటికి 40 లోపు, పల్లెల్లో 47. ఊరు వదిలి వచ్చినా నా ఖాతా మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది!

అదే సర్వేలో ఇంకో విషయం ఉంది. తిండి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు బియ్యం కాదు, పప్పు కాదు, కూరగాయలు కావు. పానీయాలు, చిరుతిళ్ళు, వండి అమ్మే ఆహారం. నా పుస్తకమూ అదే చెప్పింది. అప్పుడే అర్థం చేసుకోవలసింది. నేను చేసిన పని వేరు.

నేను తినడం తగ్గించాను. పొద్దున టిఫిన్ మానేశాను. రాత్రి భోజనానికి బదులు ఒక బన్ను, టీ. రెండు నెలల్లో 4,000 మిగిలింది. అమ్మకు పంపితే ఆమె సంతోషపడింది, నేను గర్వపడ్డాను. ఏడో వారంలో ఒకరోజు కొట్టులో బిల్లు రాస్తూ రాస్తూ కళ్ళు తిరిగి బస్తాల మీద పడిపోయాను. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9 ఉంది. మగవాళ్ళకు 13 ఉండాలట. పరీక్షలకు, మందులకు, పనికి వెళ్ళని రోజుల జీతానికి కలిపి పోయింది 4,800. ఇంటి నుంచి అమ్మ వచ్చి, కూలి పోగొట్టుకుని, నాలుగు రోజులు నా రూములో వండి పెట్టింది. అది ఆ లెక్కలోకి ఎక్కించలేదు.

"నీకు డబ్బులు పంపమని ఎవరు చెప్పార్రా? తినమని కదా చెప్పాను" అంది.

తమ్ముళ్ళూ, మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు పొట్ట మాడ్చుకోవడం చాలా తేలిగ్గా వస్తుంది. అది పొదుపు అని కూడా అనిపిస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. తగ్గించవలసింది ప్లేటులో అన్నం కాదు, దాన్ని ఇంకొకరు వండి కవరులో కట్టి ఇచ్చినందుకు మనం చెల్లించే డబ్బు.

ఆ తర్వాత మన హాస్టల్‌లోనే చదివిన ఇద్దరు మిత్రులతో కలిసి కొంచెం పెద్ద రూము తీసుకున్నాను. ముగ్గురం వంతులు వేసుకుని వండుతాం. ఒక్కడికి వంట నిజంగానే గిట్టుబాటు కాదు. ఒక్కడికోసం వంకాయ కూర చేస్తే గ్యాసు, నూనె, టైము కలిపి కర్రీ పాయింట్ ధర దాటిపోతుంది. ముగ్గురైతే అదే ఖర్చు మూడో వంతవుతుంది. మన మెస్ నడిచే సూత్రం కూడా ఇదే. ఇప్పటికీ వేపుళ్ళ లాంటివి అప్పుడప్పుడు కర్రీ పాయింట్‌లో కొంటాం. పప్పు, పప్పుచారు, రసం మాత్రం ఎప్పుడూ కొనం. డబ్బిచ్చి కొనే నీళ్ళు అవి.

గ్యాసు సంగతి చాలామంది అడుగుతారు. అద్దె రూము వాళ్ళకు అడ్రసు రుజువు లేకుండా, గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చే 5 కిలోల చిన్న సిలిండరు ఉంది. ఇండియన్ ఆయిల్ వాళ్ళు దానికి ఛోటు అని పేరు పెట్టారు. కిలో లెక్కన చూస్తే ఇంటి సిలిండరు కన్నా ఖరీదు. అందుకని అన్నం కరెంటు కుక్కర్‌లో వండి, గ్యాసు కూరలకే వాడతాం. 700 వాట్ల కుక్కరు అరగంట నడిస్తే అర యూనిట్ కూడా కాలదు.

బియ్యం విషయంలో నా పేరు ఇంకా అమ్మ రేషన్ కార్డులోనే ఉంది. కార్డు ఊళ్ళో ఉంటే ఏం లాభం అనుకునేవాణ్ణి. పోర్టబిలిటీ వచ్చాక ఏ ఊరి చౌకధరల దుకాణంలోనైనా వేలిముద్ర వేసి మన వాటా తీసుకోవచ్చు. మిగిలింది ఇంట్లోవాళ్ళు అక్కడ తీసుకుంటారు. 2025 జూన్ నుంచి మన రాష్ట్రంలో బండ్లు ఆగి మళ్ళీ దుకాణాల్లోనే ఇస్తున్నారు, నెలలో 1 నుంచి 15వ తేదీ దాకా. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితం. నా వాటా 5 కిలోలు. నెలకు నాకు 12 కిలోలు పడుతుంది కాబట్టి 7 కిలోలే కొంటాను. ఈ బియ్యాన్ని కిలో పదికీ పదిహేనుకీ అమ్మేసి యాభై పెట్టి సన్నబియ్యం కొనేవాళ్ళను చూశాను. అమ్మడం నేరమన్న మాట అటుంచండి, ఆ లెక్క ఎవరికి లాభమో చూడండి. ఒక గంట నానబెట్టి, కాస్త నీళ్ళు ఎక్కువ పోసి వండితే అన్నం బాగానే ఉంటుంది. దోసెల పిండికైతే సన్నబియ్యం కన్నా ఇవే మేలు. ఒకటికి మూడు పాళ్ళు రుబ్బితే రెండు రోజుల టిఫిన్.

పప్పుల గురించి నాకు కొంచెం తెలుసని చెప్పుకోవచ్చు, రోజంతా వాటి మధ్యే కూర్చుంటాను కదా. మన డెల్టాలో వరి కోశాక అదే తేమ మీద మినుము, పెసర వేస్తారు. ఆ పంట ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇళ్ళకు వస్తుంది. మా అమ్మ ఆ రోజుల్లోనే ఏడాదికి సరిపడా చూసుకునేది. మేమూ ముగ్గురం కలిసి అప్పుడే కొని, బాగా ఎండబెట్టి దాస్తాం. కందిపప్పులో విరిగింది, నూకైనది వేరుచేసి తక్కువ ధరకు అమ్ముతారు. చారులో ఉడికాక దానికీ గుండు పప్పుకూ తేడా ఏముంది? బలం అంతే.

ఆ బలం సంగతికొస్తే, 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల పప్పులో 22 దాకా, ఒక గుడ్డులో 6, గుప్పెడు వేరుశనగ గింజల్లో 7 వస్తాయి. మిగతాది మనం తినే అన్నంలోనే ఉంది. ఖరీదైన డబ్బా పొడులు ఏవీ అక్కర్లేదు. డాక్టరు గారు నాకు చెప్పిన ఇంకో రెండు మాటలకు పైసా ఖర్చు లేదు. అన్నం తిన్న గంట దాకా టీ తాగవద్దు, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోవాలి, అది పట్టేలా చేస్తుంది. భోజనం కాగానే టీ కొట్టుకు నడవడం మా కాంప్లెక్సులో పెద్ద అలవాటు. అది మానితే ఒంటికీ మంచిది, రోజుకు 24 రూపాయలూ మిగులుతాయి.

కూరగాయలు రైతు బజారులోనే. 1999 జనవరి 26న మన రాష్ట్రంలో ఇవి మొదలయ్యాయి. అక్కడ బోర్డు మీద ఆరోజు ధరలు రాసి ఉంటాయి. కొనకపోయినా అది చదివి వెళితే తోపుడు బండి దగ్గర బేరం తెలుస్తుంది. అర లీటరు పాలు తెచ్చి తోడు వేసుకుంటే ముగ్గురికీ పెరుగు. ఆదివారం కోడికూరో చేపలో ఉండాల్సిందే. అన్నీ కలిపి, రోజుకొక టీతో సహా, ఇప్పుడు నాకు నెలకు 3,000 లోపే అవుతోంది. అమ్మకు 4,000 వెళుతోంది.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. జబ్బు తర్వాత, కొత్త రూము కుదిరేలోగా, మధ్యాహ్నాలు అన్న క్యాంటీన్‌లో తిన్నాను. ఇవి 2018 జులై 11న మొదలైనప్పుడు ముఖ్యమంత్రి ప్రారంభించినది మా పక్కనున్న విద్యాధరపురంలోనే. 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్ళీ మొదలయ్యాయి. పూటకు 5 రూపాయలు. హమాలీలు, ఆటోవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు వరుసలో ఉంటారు. మొదటిరోజు నేను కొట్టువాళ్ళు ఇచ్చిన ఐడీ కార్డు మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాను. ఎం.కాం. చదివి ఐదు రూపాయల అన్నానికి నిలబడ్డానని ఎవరైనా చూస్తారేమోనని. నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ప్లేటు తీసుకో బాబూ, అన్నం వేడిగా ఉంది" అన్నాడు. ఇన్నేళ్ళు హాస్టల్‌లో ప్లేటు పట్టుకుని నిలబడ్డవాణ్ణి, ఇక్కడ సిగ్గు ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. రెండో రోజు కార్డు తియ్యలేదు.

గ్రూప్స్ పరీక్షలకో ఇంటర్వ్యూలకో విజయవాడ వచ్చే తమ్ముళ్ళు మా రూముకు రండి. చిరునామా వార్డెన్ గారి దగ్గర ఉంది. పప్పు ఎప్పుడూ ఉంటుంది. ఎంతమంది వస్తున్నారో మాత్రం ముందురోజు రాత్రే ఫోన్ చేసి చెప్పండి, మా కుక్కరు చిన్నది.