చాప మీద కూర్చున్నాక కొలిస్తే ఏం లాభం?

మా వినుకొండలో ఆడపిల్ల పెద్దమనిషయిందని కబురు తెలిస్తే చాలు, అయినవాళ్లంతా నువ్వుల చిమ్మిలి, ఎండుకొబ్బరి, బెల్లం పట్టుకుని వస్తారు. పిల్లని చాప మీద చూడగానే పెద్దవాళ్ల నోట వచ్చే మాట ఒకటుంది. "ఇంక ఎదుగుదల ఆగినట్టేనమ్మా!" ఆ తల్లి ముఖం చిన్నబోతుంది. మర్నాటి నుంచి పొడుగు పెంచుతామనే పొడి డబ్బాలు ఇంట్లోకి దిగుతాయి. పెద్దవాళ్ల మాటలో నిజమెంత? ఆ పొడుల వల్ల ఫలమెంత?

మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. ఎదుగుదల హార్మోను తయారయ్యేది అక్కడే. అది కాలవ నీళ్లలా ఒకే ధారగా రాదు. మున్సిపాలిటీ కుళాయిలా కాసేపు వస్తుంది, కాసేపు ఆగుతుంది. ఎక్కువగా వచ్చేది రాత్రి తొలి గంటల గాఢనిద్రలో. గ్రంథి పైనున్న హైపోథాలమస్ ఒక హార్మోనుతో 'వదులు' అని, ఇంకోదానితో 'ఆపు' అని చెబుతూ ఉంటుంది. అలా వచ్చిన హార్మోను కాలేయం చేత ఐ.జి.ఎఫ్.-1 అనే మరో పదార్థాన్ని తయారు చేయిస్తుంది. ఇవి రెండూ ఎముకల చివర్లలో ఉండే మెత్తటి పలకల్ని పెంచుతాయి. పిల్లలు పొడుగయ్యేది ఆ పలకల దగ్గరే.

చిన్నతనంలో పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. ఆడపిల్లకి ఎద పొంగే వయసొచ్చేసరికి అండాశయాలు ఈస్ట్రోజన్‌ని వదలడం మొదలుపెడతాయి. ఆ ఈస్ట్రోజన్ పీయూష గ్రంథిని తట్టి లేపుతుంది. ఒక్కో విడతలో వచ్చే ఎదుగుదల హార్మోను మోతాదు పెరిగి, మొత్తం రెండు మూడింతలవుతుంది. ఆ జోరులో పిల్ల ఏడాదికి 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కిందటి పండక్కి కుట్టించిన పరికిణీ ఈ పండక్కి పొట్టయ్యేది అందుకే!

మరి మగపిల్లల్లో? టెస్టోస్టిరాన్ మహిమ అనుకుంటాం. కానీ అందులో కొంత వాళ్ల ఒంట్లోనే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. పీయూష గ్రంథిని కదిలించేది ఎక్కువగా అదే. కాకపోతే వాళ్లకి ఈ జోరు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఏడో క్లాసులో అమ్మాయిలు, పదో క్లాసులో అబ్బాయిలు పొడుగ్గా కనిపించడం మనం చూస్తున్నదే కదా.

అయితే ఎదుగుదలకి తలుపు తెరిచిన ఈస్ట్రోజనే చివరికి తలుపు మూసేది కూడా. ఎముకల చివరి మెత్తటి పలకలు గట్టిపడి మూసుకుపోయేది దాని వల్లే. 1994లో అమెరికా వైద్యులు ఒక మగమనిషి సంగతి బయటపెట్టారు. వయసు 28, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు! అతని ఒంట్లో ఈస్ట్రోజన్ ఉంది. కానీ జన్యులోపం వల్ల ఎముకలకి దాని మాట వినపడదు. అందుకే పలకలు మూసుకోలేదు.

ఇప్పుడు చాప దగ్గరికి వద్దాం. మొదటి బహిష్టు వచ్చేది ఎదుగుదల జోరు తగ్గాకే. ఆ తర్వాత సగటున ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే పెద్దవాళ్ల మాట సగమే నిజం. పిల్ల దగ్గర ఆ మాట అని మనసు కష్టపెట్టొద్దు. ఇక పొడులంటారా, పీయూష గ్రంథికి ఆజ్ఞలిచ్చే శక్తి వాటికి లేదు. ఎదుగుదల హార్మోనునే మింగినా కడుపులో అరిగిపోతుంది. అందుకే డాక్టర్లు దాన్ని ఇంజెక్షన్‌గానే ఇస్తారు. పొడి డబ్బా డబ్బుతో గుడ్డు, పాలు, పప్పు, వేరుశనగ పెట్టండి. తొమ్మిదింటికల్లా టీవీ, సెల్‌ఫోన్ కట్టేసి నిద్రపుచ్చండి.

తల్లులు కనిపెట్టుకుని ఉండాల్సింది అంతకు ముందే. ఎనిమిదేళ్లు నిండకుండానే ఎద పొంగితే సంబరపడొద్దు. ముందు గబగబా పెరిగినా పలకలు తొందరగా మూసుకుపోయి పొట్టిగా మిగిలే ప్రమాదముంది. దాన్ని వాయిదా వేసే ఇంజెక్షన్లున్నాయి. పదమూడు నిండినా ఏ మార్పూ లేకపోయినా, పిల్ల ఏడాదికి 4 సెంటీమీటర్లయినా పెరగకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించాలి. సుమారు 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి టర్నర్ సిండ్రోమ్ ఉంటుంది. ఒక ఎక్స్ క్రోమోజోము లేకపోవడమో, దెబ్బతినడమో దీనికి కారణం. వీళ్లలో చాలామందికి అండాశయాలు సరిగా పనిచేయవు, పొట్టిగా ఉంటారు. ముందే తెలిస్తే ఎదుగుదల హార్మోను, తగిన వయసులో ఈస్ట్రోజన్ ఇచ్చి మేలు చేయొచ్చు. "పొట్టిది, ఇంకా కాలేదు" అని వీధి అరుగుల మీద గుసగుసలాడుకుంటూ కూర్చుంటే ఆ సమయం కాస్తా దాటిపోతుంది.

ఇంట్లో చేయాల్సింది సులువే. ఆరు నెలలకోసారి, చెప్పుల్లేకుండా, ఒకే గోడ దగ్గర నిలబెట్టి గీత గీసి తేదీ వేయండి. అమ్మానాన్నల ఎత్తులు కూడి, 13 తీసేసి, సగం చేయండి. తండ్రి 168, తల్లి 153 సెంటీమీటర్లయితే కూతురు అటూఇటూగా 154 వస్తుంది. కొడుకైతే 13 కలిపి సగం చేయాలి. అమ్మానాన్నలు పొట్టయితే పిల్ల పొట్టిగా ఉండటం జబ్బు కాదు, ఆ పిల్లకి ఇంజెక్షన్లూ అక్కర్లేదు. అనుమానమొస్తే ఎడమ మణికట్టు ఎక్స్‌రే చాలు, ఎముకల వయసు తెలిసిపోతుంది.

ఫంక్షన్‌కి ఫొటోగ్రాఫర్ని మాట్లాడే శ్రద్ధలో కాస్త, అంతకు నాలుగేళ్ల ముందే టేపు పట్టుకోవడంలో చూపిద్దాం.