అయివారి ఇల్లు

మా చిత్తూరు సీమ పల్లెలలో బడిపంతులును 'అయివారు' అంటారు. వెనుకటి దినాలలో ఊరిలో దారి అడిగినవారికి మూడు గుర్తులు చెప్పేవారు: గుడి, రచ్చబండ, అయివారి ఇల్లు. మొదటి రెండు గుర్తులు ఈనాటికీ చెల్లుతున్నవి. మూడవది చాల ఊళ్లలో చెల్లదు. బడి ఉన్నది, అయివారూ ఉన్నారు. ఉదయం మోటారు సైకిలు మీదనో, బస్సులోనో, నలుగురు కలిసి కుదుర్చుకున్న కారులోనో వస్తారు. సాయంకాలం బడిగంట కొట్టగానే వెళ్లిపోతారు. ఇల్లు మాత్రం మదనపల్లెలోనో, పుంగనూరులోనో, పలమనేరులోనో ఉంటుంది.

ఈ మాట వినగానే ఇది ఉపాధ్యాయులను ఆక్షేపించే వ్యాసమని పాఠకులు తొందరపడవద్దు. 2025లో జరిగిన మెగా డి.ఎస్.సి.కి 16,347 ఉద్యోగాలు ప్రకటించినారు. ఆ పరీక్షలో నెగ్గి పల్లె బడులలో చేరిన యువతీయువకులకు మొదటి నెలలోనే ఎదురయ్యే ప్రశ్న, కాపురం ఎక్కడ పెట్టాలి అనేది. నాలుగైదేండ్లు గడిచి, పెండ్లి అయి, ఒక బిడ్డ కలిగేసరికి అదే ప్రశ్న ఇల్లు ఎక్కడ కొనాలి అని రూపు మార్చుకుంటుంది. ఇది వారి సొంత విషయం, మనకేల అనుకుంటాము. కాని మదనపల్లె మొదలు కుప్పం దాకా ఉన్న ఈ మెట్టసీమలో పల్లె బడి బాగోగులు చాలవరకు ఆ సొంత నిర్ణయం మీదనే ఆధారపడి ఉన్నవి.

పల్లెలో ఇల్లు ఎందుకు కొనలేదని ఒక అయివారిని అడిగి చూడండి. మొదట వచ్చే సమాధానం బదిలీ. మన రాష్ట్రపు నిబంధనల ప్రకారం ఒకే బడిలో ఉపాధ్యాయుడు ఎనిమిది విద్యాసంవత్సరాలు, ప్రధానోపాధ్యాయుడు ఐదు విద్యాసంవత్సరాలు పూర్తిచేస్తే కదలక తప్పదు. బ్యాంకు ఇచ్చే గృహరుణమో, ఇరవై ఏండ్లు తీర్చవలసినది. ఎనిమిదేండ్ల కొలువుకు ఇరవై ఏండ్ల అప్పు ఎట్లా పొసగుతుంది? బదిలీలో ఎవరికి ముందు అవకాశమో తేల్చడానికి పాయింట్లు లెక్కిస్తారు. ఇంటి అద్దె భత్యాన్నీ, రోడ్డు సౌకర్యాన్నీ బట్టి బడులను నాలుగు వర్గాలు చేసి, పట్టణపు బడిలో పనిచేసిన ఏటికి తక్కువ, మారుమూల బడిలో పనిచేసిన ఏటికి ఎక్కువ పాయింట్లు ఇస్తారు. న్యాయమైన ఏర్పాటే, కష్టపడినవారికి ప్రతిఫలం ఉండవద్దా? అయినా ఆ ప్రతిఫలం ఏమిటో ఒకసారి ఆలోచించండి. మారుమూల పల్లెలో ఉన్నందుకు ఇచ్చే బహుమానం ఆ పల్లెను విడిచిపోయే హక్కు! ఇంటి అద్దె భత్యం కూడ పట్టణాలలోనే హెచ్చు. ప్రభుత్వం ఒక చేత పల్లెకు పంపుతూ రెండవ చేత పట్టణానికి రమ్మని సైగ చేస్తున్నది.

రెండవ సమాధానం కాగితాలు. ఇక్కడ కొంచెం నిలిచి చెప్పవలసి ఉన్నది. పద్యాలు చదువుకున్న మాబోటివారికి దస్తావేజుల తెలుగు ఎప్పుడూ పరభాషే. పల్లెలో పాత ఇండ్లు నిలిచిన స్థలం గ్రామకంఠం. తాతలనాటి నుండి కాపురం ఉంటున్నా చాల ఇండ్లకు రిజిస్టరు దస్తావేజు ఉండదు. పొలానికి ఉన్నట్లు విడి సర్వే నంబరు ఉండదు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇరుగుపొరుగువారి నోటిమాట, ఇవే ఆధారాలు. అమ్మేవాడు నిజాయితీపరుడే, కొనేవాడూ నిజాయితీపరుడే, బ్యాంకు మేనేజరు మాత్రం తల అడ్డంగా ఊపుతాడు. 2020లో కేంద్రప్రభుత్వం స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో గ్రామ నివాస స్థలాలను కొలిచి యజమానులకు ఆస్తికార్డులు ఇచ్చే పని ఆరంభించినది. అది సరిగా ముగిసిన ఊళ్లలో ఈ చిక్కు తీరవచ్చును.

పోనీ, ఊరి వెలుపల స్థలం కొందామంటే డి.కె.టి. పట్టా ఎదురవుతుంది. ప్రభుత్వం బీదలకు ఇచ్చిన భూమికి మా వైపు వాడుకలో ఉన్న పేరు ఇది. అట్టి భూములను అమ్మరాదని 1977లోనే చట్టం వచ్చినది. ఇరవై ఏండ్లు నిండిన పట్టాలకు వెసులుబాటు ఇస్తూ 2023లో సవరణ వచ్చినది. దాని వెంట వివాదాలూ వచ్చినవి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూమి దస్త్రాలు కాలిపోయిన వార్త రాష్ట్రమంతటా మారుమోగినది. కాగితం మీదనే బ్రతికే హక్కు ఎంత పెళుసైనదో ఆ ఒక్క రాత్రి చెప్పినది. కాబట్టి ఇల్లు కొనబోయే కొత్త అయివార్లు ముప్ఫై ఏండ్లకు ఈ.సి. తీయించాలి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉన్నదేమో చూడాలి. 'మనూరోడే గదా సార్, ఏం మోసం చేస్తాడు' అనే మధ్యవర్తి మాట విని బయానా ఇవ్వరాదు. తరువాత నీళ్లు చూడాలి. వేయి అడుగుల బోర్లు ఎండిన నేల ఇది. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ నీరు కుప్పం చేరిన దినం పండుగ జరిగినదంటే ఆశ్చర్యం లేదు.

బదిలీ, కాగితాలు చెప్పిన తరువాత అయివారు కొంచెం గొంతు తగ్గించి మూడవ మాట చెపుతారు: 'పిల్లల చదువు.' అసలు సమాధానం అదే. తాము ఏ బడిలో పాఠం చెపుతున్నారో ఆ బడిలో తమ బిడ్డను చేర్చడానికి వారికి మనసు ఒప్పదు. బిడ్డ పట్టణంలో చదవాలి, కాబట్టి తల్లి పట్టణంలో ఉండాలి, కాబట్టి ఇల్లు పట్టణంలో కొనాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులై చెరొక దిక్కు పల్లెలో పనిచేస్తుంటే, ఇద్దరికీ నడుమ ఉన్న పట్టణమే ఇల్లవుతుంది. ఒంటరిగా ఉద్యోగానికి వచ్చిన యువతికి పల్లెలో అద్దె ఇల్లు వెదకడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

పట్టణం అంటే మదనపల్లె వంటి పట్టణమైతే ఆకర్షణ మరీ ఎక్కువ. చల్లని గాలి, చేరువలో హార్సిలీ కొండ. 1915లో అనీబిసెంటు నెలకొల్పిన కళాశాల ఇక్కడ ఉన్నది. 1919లో రవీంద్రనాథుడు వచ్చి కొన్నాళ్లు విడిది చేసి 'జనగణమన'ను ఆంగ్లంలోకి మార్చినది ఆ కళాశాలలోనే. చదువు పేరుతో ఎదిగిన ఊరు కనుక చదువు పేరుతోనే ఇక్కడ స్థలాలు అమ్ముడుపోతున్నవి. వెంచరు ప్రకటనలలో బావి కంటె, బజారు కంటె ముందు బడి పేరు ఉంటుంది. పుంగనూరు దీనికి బస్సులో గంట ప్రయాణం. పొట్టి ఆవులకు లోకప్రసిద్ధమైన ఆ ఊరిలో స్థలాల ధరలు మాత్రం పొట్టిగా లేవని మిత్రులు చెపుతారు.

అమెరికాలో స్థిరపడిన మనవారు ఇల్లు కొనేటప్పుడు వంటయిల్లు తరువాత చూస్తారు; ముందు చూసేది 'స్కూల్ డిస్ట్రిక్టు'. అక్కడ సాధారణంగా పిల్లవాడు చదివే ప్రభుత్వ పాఠశాలను నిర్ణయించేది వాని ఇంటి చిరునామా. ఆ పాఠశాల ఖర్చులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇండ్ల మీద పన్ను నుండి వస్తుంది. బడి బాగుంటే ఇండ్ల ధర పెరుగుతుంది. ధర పెరిగితే పన్ను పెరిగి బడి మరింత బాగుపడుతుంది. పేదల పేట బడికి ఈ చక్రం వెనుకకు తిరుగుతుంది. ఇది అన్యాయమని టెక్సాసులోని తల్లిదండ్రులు కోర్టుకు వెళితే, 1973లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురిగా చీలి, రాజ్యాంగం దీనికి అడ్డు చెప్పదని తీర్పు చెప్పినది.

మన ఏర్పాటు అట్టిది కాదు. పల్లె బడి అయివారికీ, పట్టణపు బడి అయివారికీ మూలవేతనం ఒక్కటే. అది రాష్ట్ర ఖజానా నుండి వస్తుంది. ఊరివారి ఇంటిపన్ను బడికి చేరదు. (గ్రంథాలయాలకు మాత్రం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల వంతున సెస్సు ఉన్నది. మన పెద్దలు ఇంటికీ చదువుకూ కట్టిన సన్నని దారం అదొక్కటే.) ధర్మం చూస్తే మనదే మేలైన పద్ధతి అని నా నమ్మకం. కాని అమెరికా పద్ధతిలో ఒక గుణం ఉన్నది, దానిని మనం పోగొట్టుకున్నాము. అక్కడ ఒక కుటుంబం ఇల్లు కొన్నదంటే ఆ బడి మంచిచెడ్డలతో ముడిపడినట్లే. బడి పాడైతే వారి బిడ్డా నష్టపోతుంది, వారి ఆస్తీ నష్టపోతుంది. కనుక వారు బడి సమావేశాలకు పోతారు, అడుగుతారు, పోట్లాడుతారు. మన పల్లెలో అడిగే శక్తి గల రైతు బిడ్డ తెల్లవారేసరికి పట్టణపు బస్సు ఎక్కుతున్నది. అయివారి బిడ్డ మొదటినుండీ పట్టణంలోనే ఉన్నది. మిగిలినది అడగలేనివారి పిల్లలు. ఒకటి నుండి ఐదవ తరగతి వరకు ఒక కిలోమీటరులో, ఆరు నుండి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్లలో బడి ఉండాలని విద్యాహక్కు చట్టపు నిబంధనలు కొలిచి చెప్పినవి. పిల్లవాని ఇంటికీ బడికీ నడుమ దూరాన్ని కొలిచినారు. అయివారి ఇంటికీ బడికీ నడుమ దూరాన్ని ఎవరూ కొలవలేదు.

ఊరిలో ఉండే అయివారికి తెలిసేవి, దినదినం వచ్చిపోయేవారికి తెలియనివి చాల ఉన్నవి. టమోటా కోతలనాడు బడిలో ఖాళీలు కనిపిస్తే, వచ్చిపోయేవారు హాజరుపట్టీలో గైరుహాజరు గుర్తు పెడతారు. ఊరిలో ఉన్నవారికి ఏ పిల్ల ఏ తోటలో ఉన్నదో తెలుసు. దీపాలు పెట్టినవేళ వారి గడపకు పోయి, 'ఏమ్మా, రేపన్నా పంపించు' అని తల్లితో చెప్పగలరు. ఆ తల్లి కాదనలేదు. ఆమె నీళ్లు పట్టే కొళాయి దగ్గరనే అయివారి భార్య కూడ నీళ్లు పడుతున్నది గదా! ఏ శిక్షణ తరగతీ ఈ చనువును నేర్పలేదు.

దీనికి నిదర్శనం దూరదేశంలో వెదకనక్కరలేదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన ఋషీవ్యాలీ ఈ పట్టణానికి చేరువలోనే ఉన్నది. దాని వసతి పాఠశాల సంగతి అందరికీ తెలుసు. నాకు అంతకంటె విలువైనదిగా తోచేది దాని గ్రామీణ విద్యాకేంద్రం. చుట్టుపట్ల పల్లెలలో వారు చిన్న చిన్న బడులు పెట్టి, అక్కడి పల్లెలవారినే ఎంచి ఉపాధ్యాయులుగా తీర్చినారు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, ఏ పిల్లవాడు తన మెట్టు తాను ఎక్కేటట్లు అమర్చినారు. ఆ పద్ధతిని చూడడానికి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట నుండి ఉపాధ్యాయులు వచ్చినారు. కర్ణాటకలో 'నలి-కలి' అనే పేరుతో వ్యాపించిన బోధన అట్లా మొదలైనది. కార్డుల గొప్పతనం గురించి ఎందరో వ్రాసినారు. ఆ కార్డులు చేతపట్టిన అయివారి ఇల్లు ఆ పల్లెలలోనే ఉన్నదన్న సంగతిని ఎక్కువమంది పట్టించుకున్నట్లు లేదు.

ప్రభుత్వ ఉపాధ్యాయులందరినీ సొంత ఊళ్లలో నియమించడం సాధ్యం కాదు, మంచిదీ కాదు. ఊరి కక్షలలో అయివారు కూడ ఒక పక్షమైపోయే ప్రమాదం ఉన్నది. పల్లెలోనే ఇల్లు కొనమని చెప్పడం కూడ, పై లెక్కలు చూచిన తరువాత, న్యాయం కాదు. పట్టణంలో కొననివ్వండి, ముసలితనానికి ఒక నీడ ఉండాలి. పనిచేసే ఎనిమిదేండ్లు పల్లెలో ఉండడానికి కావలసినది సొంత ఇల్లు కాదు, మంచి అద్దె ఇల్లు: నీళ్లు, మరుగుదొడ్డి, గట్టి తలుపు, పిల్లవాడు కూర్చుని చదువుకునేందుకు ఒక గది.

అట్టి ఇండ్లు పల్లెలలో లేవా అంటే, ఉన్నవి. కుప్పం నుండి తెల్లవారుజామున బెంగుళూరు దిక్కుగా పోయే రైళ్లలో కూలికీ కొలువుకూ పోయే జనం కిక్కిరిసి ఉంటారు. దినదినం పోయివచ్చేవారు కొందరైతే, కుటుంబంతో అక్కడనే నిలిచిపోయినవారు మరికొందరు. వారు పండుగకో, జాతరకో రావడానికని కట్టుకున్న మిద్దెలు తక్కిన పదకొండు నెలలు తాళం వేసి ఉంటున్నవి. ముంగిట ముగ్గు లేదు, గోడ మీద రంగు ఇంకా కొత్తగానే ఉన్నది. అద్దెకు ఇస్తే ఖాళీ చేయరేమోనని యజమానికి భయం. అడిగితే ఇస్తారో లేదోనని అయివారికి మొగమాటం. పదకొండు నెలల ఒప్పందం వ్రాయించి, పంచాయతీ సర్పంచో, బడి కమిటీ అధ్యక్షుడో నడుమ నిలిస్తే ఆ తాళం తీయడం కష్టం కాదు. వచ్చే గ్రామసభలో తమ ఊరిలో తాళం పడిన ఇండ్లు ఎన్ని ఉన్నవో లెక్క వ్రాయించి, ఆ జాబితాను బడి ప్రధానోపాధ్యాయుని చేతికి ఇవ్వడం ఒక సాయంకాలపు పని. బదిలీల మీద కొత్త అయివార్లు వేసవిలో వస్తారు. సంక్రాంతికి యజమానులు ఊరికి వచ్చినప్పుడే వారితో మాట్లాడి ఉంచడం మంచిది.