పెద్దదిక్కు లేని యేనుగులు

గజేంద్రమోక్షము నెఱుగని తెలుగిల్లు లేదు. వేయేండ్లు పోరాడి, తన యసహాయత నెఱిగి మొఱవెట్టిన గజరాజు కేవలము కవికల్పన యనియు, జంతువున కట్టి మనస్సుండదనియు దలచువారు దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్ అభయారణ్యపు వృత్తాంతమును వినవలెను.

క్రూగర్ అడవిలో నేనుగులు మితిమీరినవని యధికారులు మందలను కాల్పించి, మిగిలిన పిల్లలను 1980ల నుండి పిలానెస్‌బర్గ్‌నకు జేర్చిరి. అవి తల్లులు లేక, పెద్దలు లేక పెరిగినవి. మగపిల్లలకు 25 ఏండ్లు దాటిన పిమ్మట రావలసిన మదము 18 ఏండ్లకే వచ్చి, దీర్ఘకాలము నిలిచెను. 1992 మొదలు 1997 వఱకు నవి 40కి పైగా తెల్ల ఖడ్గమృగములను చంపినవి. 1998లో క్రూగర్ నుండి 6 ముదురు మగ యేనుగులను దెచ్చి విడిచిరి. హత్యలు నిలిచిపోయెను! ఎవరును కుఱ్ఱ యేనుగులను కట్టివేయలేదు, కొట్టలేదు. పెద్దల సన్నిధిని వాని మదము దానంతటదియే యణగెను.

ఆడయేనుగుల నష్ట మింతకంటె లోతైనది. కెన్యాలోని ఆంబోసెలిలో సింథియా మాస్ 1972 నుండి యేనుగుల కుటుంబములను పరిశీలించుచు వచ్చిరి. అచ్చటి మందలలో వయస్సు మీఱిన యాడయేనుగు నాయకురాలు. 2014లో ప్రకటింపబడిన పరిశోధనలో మసాయి పురుషుల మాటలను యంత్రముద్వారా వినిపింపగా నా మందలు బెదరి వెనుదిరిగినవి. మసాయి స్త్రీల, బాలుర గొంతులకును, కాంబా పురుషుల గొంతులకును నంతగా జంకలేదు. ఈటె విసరువారెవరో వాని కెఱుకయే. ఈ యెఱుక పుట్టుకతో వచ్చునది కాదు, పెద్దల వెంట నడచి నేర్చునది. 2013లో వెలువడిన మఱియొక పరిశోధనలో, ఆంబోసెలి యేనుగులు తెలిసిన యేనుగుల పిలుపునకును, పరాయి పిలుపునకును భేదము గుర్తింపగా, పిలానెస్‌బర్గ్ మందలు గుర్తింపలేకపోయినవి. కాల్పులు జరిగి యప్పటికి దశాబ్దములు గడచినవి.

పలమనేరు, కుప్పము రైతులకిది దూరదేశపు ముచ్చట కాదు. 1980లలో పొరుగు రాష్ట్రముల యడవుల నుండి యేనుగులు చిత్తూరు జిల్లాకు వలస వచ్చెను. 1990లో కౌండిన్య అభయారణ్య మేర్పడెను. చెఱకు, అరటి, వరి చేలు రాత్రికి రాత్రి నేలమట్టమైన రైతు కన్నీటిని తేలికగా జూచుట మా యభిమతము కాదు. కాని చేను చుట్టు దొంగచాటుగా కట్టిన విద్యుత్తు తీగ చిన్న పెద్ద నెంచదు. ఆఫ్రికా యేనుగు వేఱు, మన యేనుగు వేఱు. అయినను మన మందలలోను పిల్లలు ముసలి తల్లుల వెంట నడచియే దారియు, నీటిపట్టును, మనుష్యుని యెడ నడవడియు నేర్చుకొనును. ఆ తల్లి తీగకు చిక్కి కూలినచో మిగిలిన మంద సాధువై యడవికి మరలునని యాశించుట కాధారము లేదు.

చంపక యదలించి మరల్చు సౌరవిద్యుత్తు కంచెలు కలవు. రెండెకరముల రైతు వాని ఖర్చు భరింపజాలడు, ప్రభుత్వమే భరింపవలెను. పంట నష్టపరిహారము మఱుసటి విత్తుటకు ముందే రైతు చేతి కందవలెను.